అంబాసిడర్ గారి చిగుళ్ళు

"ఈ నెలాఖరుకల్లా మన ఊళ్ళో జబ్బుచేసిన కుక్క గాని, పిల్లి గాని ఒక్కటంటే ఒక్కటి కనిపించడానికి వీల్లేదు" అని జంతు సంక్షేమ శాఖ మంత్రిగారు ప్రకటించి, పీఏ గారి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. వేదికకు ఉన్నవి నాలుగు మెట్లే అయినా ఆయనకు బాగా ఆయాసం వచ్చింది. అది ఆయాసం కాదు, మూగజీవాల పట్ల ఆవేదన అని పీఏ గారు విలేకరులకు చెప్పారు. మర్నాడు పేపర్లో మీరూ చదివే ఉంటారు.

నేను పెంపుడు జంతువుల ఆస్పత్రిలో కాంపౌండర్ని. ఇరవై రెండేళ్ళుగా కుక్కలు కరవకుండా పట్టుకోవడం నా పని. నా చేతుల మీద మచ్చలు లెక్కపెడితే ఆ పనిలో నా నైపుణ్యం ఏపాటిదో తెలుస్తుంది. ఆ ఆరోగ్యమాసంలో జరిగిన ఘనకార్యాలన్నీ దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి, ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ఆరోగ్యమాసానికి బ్రాండ్ అంబాసిడర్ కావాలన్నారు. మంత్రిగారింట్లోనే ఒక కుక్క ఉండగా బయట వెతకడం మర్యాద కాదు. దాని పేరు బుజ్జిగాడు. పెంచుతున్నది ఆయన మనవరాలు, ఎనిమిదేళ్ళ పిల్ల. మంత్రిగారి పక్కన బుజ్జిగాడు కూర్చున్నట్టుగా ఊరంతా ఫ్లెక్సీలు కట్టేశారు. కట్టాక తెలిసింది, బుజ్జిగాడు లేవడం లేదని.

మనవరాలు ఏడ్చి గోల చేస్తే కారులో మా ఆస్పత్రికి తెచ్చారు. వెనకే పీఏ గారు.

మా డాక్టరమ్మ మాటలు తక్కువ మనిషి. బల్లమీద పడుకోబెట్టి, బుజ్జిగాడి పైపెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు తెల్లకాగితంలా ఉన్నాయి. చెవి మడత తిప్పితే లోపల రక్తం తాగే పిడుదులు. కాలివేళ్ళ సందుల్లోనూ అవే. ఒళ్ళు కాలిపోతోంది.

"పిడుదుల జ్వరం. రక్తం తగ్గిపోయింది. పరీక్షకు రక్తం తీసుకుని ఇవాళే మందు మొదలుపెట్టాలి" అంది.

"అమ్మా, అంబాసిడర్ గారికి జబ్బు ఉండకూడదు" అన్నారు పీఏ గారు.

"ఉండకూడదు. ఉంది."

"ఫ్లెక్సీలు కట్టేశామండీ."

"నాలుగు రోజులుగా తిండి ముట్టలేదట."

"నిగ్రహం."

"పిలిస్తే తల ఎత్తడం లేదు."

"ఆలోచిస్తున్నారు."

మనవరాలు బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "బుజ్జిగాడు చచ్చిపోతాడా డాక్టరమ్మా?"

"మందు వేస్తే చావడు. వెయ్యనివ్వకపోతే చెప్పలేను."

ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్ని కుక్కలు పోవడం చూశానో. అయినా ఆ పిల్ల మొహం చూడలేక, బుజ్జిగాడి చెవిలో పిడుదులు ఏరుతూ నిలబడ్డాను. డాక్టరమ్మ రిజిస్టరు లాక్కుని రాసింది: 'అంబాసిడర్ శిక్షణ. నాలుగు వారాలు. ఆస్పత్రిలోనే ఉండి నేర్చుకోవలెను.'

పీఏ గారు రెండుసార్లు చదువుకున్నారు. "శిక్షణైతే అభ్యంతరం లేదు" అన్నారు. ఇలాంటి విశాల హృదయం అందరు అధికారులకూ ఉండదు.

ఆ వెళ్ళేవారు వెళ్ళక గోడమీద పోస్టరు చూశారు. ఆరోగ్యమాసం కోసం డాక్టరమ్మ వారం కూర్చుని తయారుచేసిన పోస్టరది. రెండు వరసలు. ఎడమ వైపు 'జబ్బు లక్షణాలు': తిండి మానడం, మూల చేరడం, చిగుళ్ళు పాలిపోవడం, మగపిల్లి మట్టిపెట్టెలో పదేపదే కూర్చుని చుక్క కూడా పోయకపోవడం. కుడి వైపు 'ఆరోగ్య లక్షణాలు': ఆకలి, చురుకు, గులాబీరంగు చిగుళ్ళు. కింద టీకాలు ఎప్పుడు, నులిపురుగుల మందు ఎప్పుడు, పిడుదులు ఎలా తియ్యాలి అన్నీ రాసింది.

"ఫ్లెక్సీలో ఉన్న అంబాసిడర్ గారు ఎడమ వరసకి సరిగ్గా సరిపోతున్నారు. ఎవరైనా పక్కపక్కన పెట్టి చూస్తే మనకి తలనొప్పి. మార్చాలి" అన్నారు పీఏ గారు.

"ఏం మారుస్తారు? కుక్కలకి జబ్బులు అలాగే వస్తాయి" అంది డాక్టరమ్మ.

"లక్షణాల జోలికి మేం వెళ్ళమండీ, అది మీ సబ్జెక్టు. పైన హెడ్డింగులు మాత్రం అటుదిటు, ఇటుదటు వేస్తాం."

ఆమె కాదంది. లిఖితపూర్వకంగా కూడా కాదంది. ఆ కాగితం పై ఆఫీసుకు చేరేలోపే కొత్త పోస్టరు ప్రతి ఇంటి గుమ్మానికీ చేరిపోయింది. మా శాఖలో ఇంత వేగం నేను ముందెన్నడూ ఎరగను.

సోమవారానికి ఆస్పత్రి ముందు క్యూ రోడ్డు మలుపు దాటింది. మొదట నిలబడ్డది రిటైరైన హెడ్మాస్టరు. ఆయన్ని కుక్క ఈడ్చుకొచ్చింది.

"డాక్టరమ్మా, నాతో ఏమీ దాచకండి. పొద్దున లేస్తూనే గిన్నె ఖాళీ చేశాడు. చెప్పు పట్టుకుని పెరడంతా పరిగెత్తాడు. చిగుళ్ళు చూస్తే ఒకటే గులాబీరంగు. ఎన్నాళ్ళు బతుకుతాడు?"

"ఇలాగే ఉంటే పదేళ్ళు. టీకా వేయించారా?"

"ఈ స్థితిలో టీకా ఏం పనిచేస్తుందమ్మా" అని ఆయన కళ్ళు తుడుచుకున్నారు. డాక్టరమ్మ టీకా వేసి పంపింది. క్యూలో వచ్చిన ప్రతి కుక్కకీ అదే పని: చెవులు చూడడం, నులిపురుగుల మందు పట్టడం, టీకా వెయ్యడం. ఊళ్ళో కుక్కలన్నిటికీ టీకాలు పడ్డ నెల అదొక్కటే. ఆ గౌరవం మంత్రిగారిదే అని వేరే చెప్పక్కర్లేదు.

క్యూ పక్కనుంచి టైలరమ్మ వెళుతూ గర్వంగా చెప్పింది, "మాకు మీతో పనిలేదు. మా పిల్లి నిన్నటినుంచీ మట్టిపెట్టెలోనే కూర్చుంటోంది, ఒక్క చుక్క పొయ్యలేదు. పోస్టరులో ఉన్నట్టే ఉంది."

డాక్టరమ్మ చేతిలో సిరంజి నా చేతిలో పెట్టి, ఆవిడ ఇంటికి పరిగెత్తి, పిల్లిని చంకన పెట్టుకొచ్చింది. గొట్టం వేసి మూసుకుపోయిన దారి తెరిచింది. ఇంకో పూట ఆగితే పిల్లి దక్కేది కాదు. అది తేరుకుని ఇంటికెళ్ళి అన్నం తిన్నాక, మంచి పిల్లిని పాడుచేశారని టైలరమ్మ ఫిర్యాదు రాసిచ్చింది.

మనవరాలు రోజూ బడి వదలగానే వచ్చి బుజ్జిగాడి పక్కన కూర్చునేది. పెదవి ఎత్తి చూడడం డాక్టరమ్మ నేర్పింది. "వేలితో చిగుళ్ళమీద నొక్కి వదులు. తెల్లబడ్డచోట రంగు టక్కున తిరిగి రావాలి. రాకపోయినా, అసలు రంగే లేకపోయినా నాకు చెప్పాలి." ఆ పిల్లకి అదో ఆటైపోయింది. కనిపించినవాళ్ళందరి పెదవులూ ఎత్తి చూసేది. "నీవి బాగానే ఉన్నాయి మామయ్యా, పళ్ళే బాలేవు" అని నాతో అంది.

రెండోవారంలో బుజ్జిగాడు తోక ఊపాడు. మూడోవారంలో నా చెప్పు కొరికాడు. నెలాఖరుకు చిగుళ్ళు గులాబీరంగుకి వచ్చాయి.

ముగింపు సభ. మంత్రిగారిని ఇద్దరు మనుషులు పట్టుకుని వేదిక ఎక్కించారు. ప్రజాభిమానం అన్నారు పీఏ గారు. అంబాసిడర్ గారిని వదలగానే బుజ్జిగాడు ఒక్క గెంతులో వేదిక ఎక్కి, మైకు నాకి, పూలగుత్తి సగం తిని, జనంలో మూడు చుట్లు తిరిగాడు. జనం చేతుల్లో పోస్టర్లున్నాయి. చూసుకున్నారు. హెడ్మాస్టరు లేచి, "అయ్యా, అంబాసిడర్‌కి అన్ని లక్షణాలూ ఉన్నాయండి" అన్నారు, పాపం, పోస్టరు ఎత్తి చూపిస్తూ.

పీఏ గారు డాక్టరమ్మ వైపు తిరిగారు. "నిమ్మళంగా పడుకున్న కుక్కని మీ చేతిలో పెట్టాం."

బదిలీ ఆర్డరు అక్కడికక్కడే తయారైంది. మంత్రిగారు సంతకం పెట్టారు. పెడుతున్నప్పుడు చెయ్యి వణికింది. ఆగ్రహం అని విలేకరులు రాసుకున్నారు. బస్సు కూడా వారానికొక్కసారే వెళ్ళే చోటికి డాక్టరమ్మ వెళ్ళిపోయింది. వెళుతూ మనవరాలితో ఒకటే చెప్పింది, "వారానికోసారి చెవులు చూడు. చిగుళ్ళు రోజూ చూడు."

పది రోజుల తరవాత బుజ్జిగాడికి పిడుదుల మందు వెయ్యడానికి మంత్రిగారింటికి వెళ్ళాను. ఆయన వరండాలో పడక కుర్చీలో ఉన్నారు. పక్కన పాలు తొరక కట్టి ఉన్నాయి, రొట్టె కొరికిన గుర్తు లేదు. మంత్రిగారు సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నారని ఆ ఉదయం పేపర్లో వేశారు. ఆ పేపరే ఆయన ఒళ్ళో ఉంది.

మనవరాలు బుజ్జిగాడి చిగుళ్ళు చూసింది. నావి చూసింది. తరవాత తాతగారి పెదవి మెల్లిగా ఎత్తి, వేలితో నొక్కి, వదిలి, చూస్తూ నిలబడిపోయింది.

"మామయ్యా, ఇలా రా."

వెళ్ళి చూశాను. చిగుళ్ళు తెల్లకాగితంలా ఉన్నాయి.

"పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాలండీ" అన్నాను పీఏ గారితో.

"పేపర్లో ఆరోగ్యం అని వేశాక ఆస్పత్రి గుమ్మం ఎలా ఎక్కుతాం? ఇంటికి డాక్టరొచ్చినా బయట కెమెరాలున్నాయి."

"మా డాక్టరమ్మని పిలవండి. బుజ్జిగాడి కోసం అనుకుంటారు" అంది మనవరాలు.

ఆ నెలన్నరలో ఎవరి నోటినుంచీ రాని తెలివైన మాట అది. పీఏ గారి మొహం వెలిగి, వెంటనే ఆరిపోయింది.

"ఆవిణ్ణి బదిలీ చేశాం కదమ్మా. వెనక్కి రప్పించాలంటే ఆర్డరు కావాలి. ఆర్డరు మీద తాతగారి సంతకం ఉండాలి."

"పెట్టించండి" అంది.

ఆర్డరు టైపు చేయించి తెచ్చారు. పీఏ గారు మంత్రిగారి వేళ్ళ మధ్య పెన్ను పెట్టారు. పెన్ను జారి కింద పడింది. బుజ్జిగాడు ఒక్క గెంతులో వెళ్ళి, నోట కరుచుకు తెచ్చి, తోక ఊపుతూ నిలబడ్డాడు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ పడింది. మళ్ళీ తెచ్చాడు.

"తాతయ్యా" అని పిలిచింది పిల్ల. ఇంకోసారి పిలిచింది.

"ఉండమ్మా" అన్నారు పీఏ గారు. "ఆలోచిస్తున్నారు."