ఉమామహేశ్వరం గారి చెంప మీద విచారణ

మనిషి ముందు నవ్వడం నేర్చుకున్నాడా, కొట్టడం నేర్చుకున్నాడా అన్న విషయం మీద ప్రభుత్వ ఉత్తర్వులు ఇంతవరకు స్పష్టంగా లేవు. ఆ లోటు తీర్చే గౌరవం యానాంలోని ఒక కార్యాలయానికి దక్కింది. (కార్యాలయం పేరు చెప్పడం లేదు. అక్కడ ఇంకా పనులు చేయించుకోవలసిన వాళ్ళు చాలామంది ఉన్నారు.)

ఆ కార్యాలయంలో జోసెఫిన్ గుమాస్తా, ఉమామహేశ్వరం సూపరింటెండెంటు. ఆయనకు హాస్యప్రియుడని పేరు. ఆ పేరు ఆయనే పెట్టుకున్నాడు, కింది సిబ్బంది ఆమోదించారు. ఆయన జోకు వేయగానే నవ్విన వాళ్ళకు సెలవు తొందరగా మంజూరయ్యేది. అర్థం చేసుకుని నవ్వుదామని ఆగిన వాళ్ళకు ఆలస్యమయ్యేది. జోసెఫిన్ ఏనాడూ ఆగలేదు. అటెండరు పొట్ట మీద జోకు వేస్తే నవ్వింది. తన ఒంటి రంగు మీద వేసినప్పుడు కూడా నవ్వింది. ఇంటికి వెళ్ళి అన్నం తినకుండా పడుకుంది గానీ, అది కార్యాలయ వేళల తరవాతి సంగతి.

ఆ ఏడాది సిబ్బంది కుటుంబాల వేడుక ఫరంపేటలో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. స్వాగత పలుకులు తాను చెబుతానని జోసెఫిన్ కూతురు ప్రియాంక ముందుకొచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆ అమ్మాయికి నత్తి. "పాట పాడవే, పాటలో నత్తి రాదుగా" అని తల్లి బతిమాలినా వినలేదు. కనకాలపేటలో తమ డాబా మీద నిలబడి, ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్లకు రోజూ స్వాగతం చెబుతూ సాధన చేసింది. కొబ్బరిచెట్లు ఓపిగ్గా విన్నాయి.

వేదికెక్కి ప్రియాంక "గౌ..." అంది. మాట అక్కడ ఆగింది. మళ్ళీ "గౌ... గౌ..." అంది.

ఉమామహేశ్వరం పక్కనుంచి మైకు లాక్కున్నాడు.

"గౌ గౌ గౌ! బండి స్టార్టవ్వట్లేదండీ బాబూ! ఎవరైనా వచ్చి కాస్త తొయ్యండయ్యా!"

హాలంతా నవ్వింది. జోసెఫిన్ మూడో వరసలోంచి లేచి, ఎవరి కాలూ తొక్కకుండా నడిచి, మెట్లెక్కి, సూపరింటెండెంటు గారి చెంప మీద ఒకటిచ్చింది. మైకు సాయంత్రమంతా గరగరలాడింది కానీ ఈ ఒక్క శబ్దాన్ని చక్కగా అందుకుంది.

వెంటనే విచారణ కమిటీ వేశారు. చెంపదెబ్బ నియమావళిలో ఉంది, జోకు లేదు. కాబట్టి విచారించదగినది చెంపదెబ్బేనని తేలింది. కమిటీ అధ్యక్షుడు ఇన్నయ్య, అందరికన్నా పై అధికారి. ఆయన కొత్తగా పళ్ళు కట్టించుకున్నారు. అవి ఇంకా నోటితో కలిసిపోలేదు, 'స' అన్నప్పుడల్లా సన్నగా ఈల వచ్చేది. (ఆ ఈల కార్యాలయంలో ఎవరికీ వినిపించదు.) సభ్యుడు శివకుమార్. సాక్షులుగా పిలిచిన వాళ్ళంతా, జోకు వేసినప్పుడు తాము నవ్వడంలో ఉన్నామని, అందుచేత జోకు వినలేదని చెప్పారు.

"జోకుకి దెబ్బ సమాధానమా అమ్మా?" అన్నారు ఇన్నయ్య.

"కాదండి."

"మరెందుకు కొట్టారు?"

"ఆ టైముకి చేతిలో ఇంకేం లేదండి."

శివకుమార్ చదువుకున్నవాడు. భవిష్యత్తులో ఇలాంటి ఇబ్బంది రాకుండా ఒక పద్ధతి ప్రతిపాదించాడు. ఎత్తు, బరువు మీద జోకుకు ముఖం చిట్లించవచ్చు. రంగు మీద అయితే కుర్చీ వెనక్కి జరపవచ్చు, శబ్దం రాకూడదు. కుటుంబసభ్యుల మీద అయితే చెయ్యి ఎత్తవచ్చు, దించరాదు. ఎత్తిన చెయ్యి ఎంతసేపు ఉంచాలన్న దగ్గర కమిటీలో అభిప్రాయభేదం వచ్చి, టీ తెప్పించుకున్నారు.

తరవాత ప్రియాంకను పిలిచారు. నత్తి నిజమో కాదో తేల్చాలి. నిజం కాకపోతే జోకు నిరాధారం, నిజమైతే అది జోకు కాదు, సమాచారం.

"మీ అమ్మ చేసింది కరెక్టేనా పాపా?" అన్నాడు శివకుమార్.

"కా... కాదండి."

జోసెఫిన్ ఉలిక్కిపడి కూతురి వైపు చూసింది. ఉమామహేశ్వరం సర్దుకుని కూర్చున్నాడు.

"నేనే అం... అందామనుకున్నానండి. మొ... మొదలెట్టేలోపే అమ్మ వచ్చి కొ... కొట్టేసింది."

"ఏం అందామనుకున్నావు?"

ప్రియాంక ఊపిరి తీసుకుంది. జోసెఫిన్ అలవాటుగా పెదాలు కదిపింది, ఆ మాట తానే పూర్తి చేద్దామని. కూతురు చెయ్యి అడ్డం పెట్టింది. ఒక్కో మాటా దానికి కావలసిన సమయం తీసుకుని బయటికి వచ్చింది.

"సార్, మి... మిమ్మల్ని గౌ... గౌరవనీయులైన అనడానికి నా నో... నోరు రావట్లేదండి. ఏం చెయ్యమంటారు?"

ముందు శివకుమార్ నవ్వాడు. ఇన్నయ్య నవ్వారు, సన్నగా ఈలతో సహా. తలుపు దగ్గరున్న అటెండరు పొట్ట పట్టుకుని నవ్వాడు. తన జోకు కానిదానికి ఆ కార్యాలయంలో నవ్వు రావడం ఉమామహేశ్వరం సర్వీసులో అదే మొదటిసారి. ఆయన ముఖం పాలిపోయింది. చెయ్యిజారిన నవ్వును తిరిగి దక్కించుకోవాలని, పాపం, నోటికి వచ్చింది అనేశాడు.

"స్‌స్‌స్... అధ్యక్షా! కుక్కరు మూడో విజిలొచ్చింది. దించేయమంటారా?"

ఇన్నయ్య గారి చెయ్యి లేచింది. దిగింది కూడా. ఉమామహేశ్వరం రెండో చెంప కూడా ఎర్రబడింది.

ఆ నిశ్శబ్దంలో ఒక్కరు మాత్రం పైకి నవ్వారు. జోసెఫిన్.

నివేదిక త్వరగానే తయారైంది. జోసెఫిన్ చర్య తీవ్ర దుష్ప్రవర్తన, ఇంక్రిమెంటు నిలుపుదల. అధ్యక్షులవారి విషయంలో, సూపరింటెండెంటు చెంప మీద దోమ వాలినట్టు కమిటీ ఏకగ్రీవంగా గమనించింది. యానాంలో దోమలు ఎక్కువేనని ఉమామహేశ్వరం స్వయంగా సంతకం చేసి ధ్రువీకరించాడు. ప్రియాంక మాట జోకా, సమాధానమా అన్నది నిర్ణయించే అధికారం తమకు లేదని, స్పష్టత కోసం పుదుచ్చేరిలోని పై కార్యాలయానికి రాశారు. (జవాబు ఇంకా రాలేదు.)

తల్లీకూతుళ్ళు బండి మీద కనకాలపేట బయల్దేరారు. కొంత దూరం పోయాక వెనకనుంచి ప్రియాంక అంది.

"అమ్మా, ఆ పెద్దాయన ప... పళ్ళ మీద జోకేస్తే నువ్వు న... నవ్వేవేంటి?"

జోసెఫిన్ బండి వేగం తగ్గించింది. జోకు వేసినాయన తన పై అధికారి అని చెబుదామనుకుంది. మనల్ని ఏడిపించినవాడికి తగిన శాస్తి జరిగిందనీ చెబుదామనుకుంది. రెండూ గొంతు దాకా వచ్చి ఆగాయి. కూతురు తొందరపెట్టలేదు, ఎంత సమయమైనా తీసుకోమన్నట్టు భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. ఇల్లు వచ్చేసింది, మాట రాలేదు.

మరుసటి సోమవారం కమిటీ సిఫారసు మేరకు సర్క్యులర్ తయారైంది: "కార్యాలయ ప్రశాంతత దృష్ట్యా, ఇకమీదట సిబ్బంది తమకన్నా కింది గ్రేడు వారి మీద మాత్రమే జోకులు వేయవలెను."

దాన్ని కంప్యూటర్లో కొట్టే పని జోసెఫిన్‌కు ఇవ్వమన్నాడు ఉమామహేశ్వరం, కొట్టడంలో ఆవిడకు మంచి అనుభవం ఉందని. గదిలో అందరూ నవ్వారు.

జోసెఫిన్ నవ్వలేదు. కూర్చుని కొట్టింది. ఒక్క తప్పు కూడా లేదు.