ఇద్దరికి భోజనం, ఇవాళే ఆఖరు

"ఇవాళ నేను గరిటె ముట్టను. ముట్టనంటే ముట్టను," అని పొద్దున్నే మొగుడి ముందు కాఫీ పెడుతూ తేల్చి చెప్పేసింది ఎవాంథియా.

ముప్పై ఏళ్ళు బడి పిల్లలకు వండి రిటైరైన రోజున టీచర్లంతా కలిసి ఆమెకొక గిఫ్ట్ కూపన్ ఇచ్చారు. గ్రీసు దేశంలో వాళ్ళుండే వోలోస్ రేవులోని చేపల హోటల్లో ఇద్దరికి భోజనం. అది మూడేళ్ళుగా సొరుగులో మూలుగుతోంది. గడువు ఇవాళే ఆఖరు. ఖర్మ కొద్దీ మొగుడు స్తమాతిస్ పేరు పండుగ, అంటే అతని పేరుగల పునీతుడి రోజు కూడా ఇవాళే. ఏటా ఆ రోజు పిలవకుండానే వీధి వీధంతా దిగిపోతుంది. ఎవాంథియా నలభై మందికి వండి, వడ్డించి, చివర్లో నిలబడే నాలుగు ముద్దలు మింగుతుంది. ఒక్కసారి కుర్చీలో కూర్చుని, ఎవరైనా వడ్డిస్తే తినాలని పాపం ఆమె కోరిక.

"తలుపు మీద చీటీ అంటిస్తాగా! ఒక్కడు గడప తొక్కితే నన్నడుగు," అన్నాడు స్తమాతిస్. ఎవరింటి తలుపు మీదో చూసిన వాక్యమే దించేశాడు: "ఈ ఏడు పండుగ చేయడం లేదు. దయచేసి ఎవరూ రావద్దు." ఆ ఊళ్ళో అలా రాసేది చావు జరిగిన ఇంటివాళ్ళేనన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు. చీటీ అంటించి, మంగలి దగ్గరికి పోయి, అటునుంచి అటే హోటలుకు బయలుదేరాడు.

సాయంత్రం ఎదురింటి గరిఫాలియా చీటీ చదివి గుండెలు బాదుకుంది. అంతలోనే ఎవాంథియా ఒంటరిగా టాక్సీ ఎక్కుతూ కనిపించింది. ఉన్న ఒకే ఒక్క మంచి గౌను నల్లది, అదే వేసుకుంది. కొత్త చెప్పులు కరిచి కళ్ళ నిండా నీళ్ళు.

"అయ్యయ్యో, స్తమాతిస్ అన్నయ్య పోయాడర్రా! పేరు పండుగ పూటే పోయాడు!"

ఆ కబురు పక్క వీధికి చేరేసరికి గుండెపోటయింది, కాఫీ కొట్టుకు చేరేసరికి లారీ గుద్దేసింది. చావింట పొయ్యి వెలగదు గదా అని ఇంటికొక గిన్నెడు చిక్కుడుగింజల పులుసు తయారైంది. టాక్సీవాడు తిరిగొచ్చి, "ఆవిడా? సముద్రం దగ్గర దింపాను," అన్నాడో లేదో, "దూకేస్తుందర్రా!" అంటూ అందరూ గిన్నెలతో సహా పరుగెత్తారు.

హోటల్లో అప్పుడే చేప బల్ల మీదికి వచ్చింది. నున్నగా గడ్డం గీయించుకున్న స్తమాతిస్ ఆలివ్ కాయలు నములుతున్నాడు. రేవంతా వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలోంచి అది చూసిన గరిఫాలియా చేతిలోని గిన్నె జారినంత పనయింది.

"నువ్వు చచ్చిపోలేదా అన్నయ్యా!"

"ఆకలితో చచ్చేట్టున్నాను. నీకెవరు చెప్పారు?"

"నీ చీటీయే చెప్పింది!"

ఏడుపులు, కావలింతలు, "నిండు నూరేళ్ళు బతుకయ్యా" అని దీవెనలు. పండుగ మనిషి దొరికాక ఎవరు కదులుతారు? బల్లలు కలిపేశారు, పులుసు గిన్నెల మూతలు తీశారు. అలవాటు కొద్దీ ఎవాంథియా లేవబోయింది.

"కూర్చో వదినా! విధవరాలివి నీకెందుకమ్మా ఈ పనులు," అని గరిఫాలియా భుజం పట్టి కూలేసి, ఇద్దరి చేపా ఆమె పళ్ళెంలోనే వడ్డించింది. ఎవాంథియా కళ్ళు మళ్ళీ చెమర్చాయి. ఈసారి చెప్పుల తప్పేమీ లేదు.

వచ్చినవాళ్ళతో కలిసి తినక తప్పని స్తమాతిస్ పులుసు నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు.

"ఎవాంథియా, ఇందులో ఉప్పు లేదే!"

"వంటింట్లో ఉంటుంది. వెళ్ళి తెచ్చుకో," అంది ఆమె, చేపలో ముల్లు తీసుకుంటూ.

స్తమాతిస్ లేచి వెళ్ళి తెచ్చుకున్నాడు. చచ్చినవాడు బతికి రావడం కంటే ఊళ్ళో దాన్నే ఎక్కువ రోజులు వింతగా చెప్పుకున్నారు.