నిద్ర పట్టిందా గంగరాజు గారూ?

ఒక పెద్ద అడవిలో అందరికీ నిద్ర పట్టేది, ఒక్క గంగరాజుకి తప్ప. గంగరాజంటే అడవిదున్న, మందకి పెద్ద. ఏ నీడన వాలినా ఆయనకి కన్ను అంటుకోదు. తల దిమ్మెక్కిపోయి, మొన్న నీళ్ళరేవులో పులి ఎదురుపడితే "ఏం బావా, అక్కయ్య కులాసాయేనా?" అని పలకరించేశాడు.

పులి బిత్తరపోయింది. "ఆఁ, కులాసాయే" అని చెప్పి వెళ్ళిపోయింది.

"పులికి మర్యాద తెలుసు కాబట్టి సరిపోయింది! మళ్ళీ పలకరించారో, బొమికలు కూడా దక్కవు. ఏమండీ, మీకు దణ్ణం పెడతాను, కాస్త నిద్రపోండి!" అని పెళ్ళాం లబోదిబోమంది.

ఆ భయంతో గంగరాజుకి ఉన్న కాస్త కునుకూ పోయింది.

సంగతి తెలిసి నక్క చలమయ్య లేహ్యం డబ్బాతో వాలాడు. వాడిది పాత కంపెనీ. "మా మందు నిద్రని పిలుస్తుందండీ" అన్నాడు. అంతలో కొమ్మ మీంచి కోతి కోదండం దూకాడు. వీడిది కొత్త కంపెనీ. "అదంతా పాతకాలం వైద్యం! మా మందు నిద్రని పిలవదు, మెలకువని పంపించేస్తుంది."

"రెండూ ఒకటే కదర్రా?" అన్నాడు గంగరాజు.

"అక్కడే ఉందండీ తేడా!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

తగువు అడవి కౌన్సిల్‌కి ఎక్కింది. అధ్యక్షుడు ఎలుగుబంటి, ఏ మందూ లేకుండానే కుర్చీలో గుర్రు పెట్టే పెద్దమనిషి. ఆయన ఒక కన్ను తెరిచి, "ఒక పూట అదీ, ఒక పూట ఇదీ వాడించి పోల్చండి. ఎప్పటికప్పుడు రోగిని అడిగి తెలుసుకోండి" అని, ఆ కన్ను కూడా మూసేశాడు.

ఇక చూడండి గంగరాజు పాట్లు! లేహ్యం నాకి అలా రెప్ప వాల్చాడో లేదో, చలమయ్య డొక్కలో పొడిచాడు. "గంగరాజు గారూ, నిద్ర పట్టిందా?"

"పడుతోందయ్యా..."

"కొద్దిగానా, మధ్యస్తంగానా, గాఢంగానా?"

"పట్టనిస్తే కదా తెలిసేది!"

"చూశారా, ఈ మందుకి మాటిమాటికీ మెలకువొస్తోంది" అన్నాడు కోదండం. తన పూట వచ్చినప్పుడు వాడు తోక పట్టుకుని లాగి మరీ అడిగాడు. మెలకువ వెళ్ళిందో లేదో లేపి చూడకపోతే ఎలా తెలుస్తుందని వాడి వాదన. ఇంతా చేసి కౌన్సిల్ తేల్చిందేమిటంటే, మోతాదు చాలడం లేదట.

గంగరాజుకి ఏడుపొచ్చింది. ఒక మధ్యాహ్నం తిన్నగా పులి గుహకి నడిచాడు.

"బావా, తింటే తిను. కానీ ఒక్క కునుకు తియ్యనిచ్చి తిను. ఇక్కడికైతే ఏ వెధవా రాడు."

పులి ఆవలించింది. "అక్కయ్యని అడిగినవాడివి, నిన్ను కాదంటానా? నాకూ నిద్రొస్తోంది. పడుకో. ఆకలేసినప్పుడు లేపుతాలే."

గంగరాజు వాలిపోయాడు. ఆ గురక అడవంతా వినపడింది. "మా మందే!" అని చలమయ్య, "మా మందే!" అని కోదండం పరుగున వచ్చారు. గురక ఎవరి గుమ్మంలోంచి వస్తోందో చూసుకునే తీరిక ఇద్దరికీ లేదు. లోపలికి దూరి, "గంగరాజు గారూ, లేవండి! ఎవరి మందుకి పట్టింది?" అని అరిచారు.

గంగరాజు లేవలేదు. పులి లేచింది.

"నన్ను లేపింది ఎవరి కంపెనీ?"

"కోతిదండీ!" అన్నాడు చలమయ్య.

"నక్కదండీ!" అన్నాడు కోదండం.

కౌన్సిల్ తేల్చలేని పోలికని పులి అక్కడికక్కడే తేల్చేసింది. రెండిటినీ రుచి చూసింది. కడుపు నిండింది కాబట్టి ఇక గంగరాజుని లేపాల్సిన పని పడలేదు. మూతి తుడుచుకుని, బావమరిది పక్కనే ఒళ్ళు మరిచి పడుకుంది.

నీతి: నిద్రమందులన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తాయి, కంపెనీతో సహా మింగితే.