పావు వంతు అన్నం

ఆ సోమవారం పొద్దున్న పళ్లు తోముకుంటూ రత్నరాజు గట్టి నిర్ణయం తీసుకున్నాడు. అతను పోర్టులో క్రేన్ నడుపుతాడు. షుగరు అంచుదాకా వచ్చిందనీ, తిండి తగ్గించకపోతే వచ్చే మెడికల్ పరీక్షలో క్రేన్ మీంచి దింపేస్తారనీ డాక్టరు చెప్పాడు. దారి మాత్రం చర్చిలో రోజలిన్ టీచరమ్మ చూపించింది. పూర్వపు యూదు వైద్యులు పొట్టలో పావు వంతు ఖాళీ ఉండగానే చేయి కడుక్కోమనేవారట. మాంసంతో పాలూ పెరుగూ కలపకూడదట, రెక్కలూ పొలుసులూ లేని చేపజాతిని ముట్టకూడదట. కడుపు నిండిన కబురు మెదడుకు ఆలస్యంగా చేరుతుందని ఇప్పటి సైన్సు కూడా అంటోందట. మోషే ధర్మశాస్త్రమూ డాక్టరూ ఒక్కటైపోయాక కాదనడానికి రత్నరాజు ఎంతటివాడు?

భార్యకు మాత్రం చెప్పలేదు. దేవకుమారి తండ్రి షుగరుతోనే కాలు పోగొట్టుకున్నాడు. ఆ జబ్బు పేరెత్తితే ఆమె తట్టుకోలేదని అతని భయం.

ఆ పూట కోడికూర. నిండా పెట్టించుకున్న అన్నంలో సరిగ్గా పావు వంతు వదిలి, పెరుగు గిన్నె పక్కకు నెట్టాడు.

“కూర బాగోలేదేటండి?”

“బాగుంది.”

“మరి ఒగ్గీసినారేటి?”

“సాలు.”

దేవకుమారి పుట్టింట్లో కంచంలో అన్నం వదలడమంటే వండిన చేతిని తిట్టడమే. మర్నాడు పంతం కొద్దీ రొయ్యల ఇగురు చేసింది. అతను ముట్టనైనా ముట్టలేదు. ఆ తర్వాత రెండు నెలలపాటు ఏం వండినా పావు వంతు కంచంలోనే. పక్కింటి పోతమ్మ విని బుగ్గలు నొక్కుకుంది.

“ఒలె, బయట ఎవులో కేరేజీ తెత్తన్నారు. సూసుకో!”

పాపం, దేవకుమారి నమ్మేసింది. వెంటనే భీమిలికి ఫోన్ చేసింది. ఆదివారానికి అన్న జాక్సన్ బుట్టెడు రొయ్యలతో, పీతలతో దిగాడు.

“మా సెల్లి సేసిన తప్పేటి బావా?”

“తప్పేటీ లేదు. రొయ్యకి పొలుసు లేదు బావా.”

“పొలుసు లేదని పెళ్లాన్నొగ్గేత్తావేటి!”

గుమ్మం నిండా జనం. వాళ్లను తోసుకుంటూ పోతమ్మ తగువు తీర్చమని రోజలిన్ టీచరమ్మను లాక్కొచ్చేసరికి, దేవకుమారి బట్టల బ్యాగుతో గదిలోంచి వచ్చింది.

“పద అన్నా, ఎల్లిపోదాం.”

బ్యాగు చూడగానే రత్నరాజు గుమ్మానికి అడ్డం వచ్చాడు.

“నాకు సుగరొచ్చిందే. నువ్వేడుత్తావని సెప్పలేదు.”

“సెప్పకుండా ఏడిపించింది సాలకా?” బ్యాగు జారవిడిచి అతని చేయి పట్టుకుంది దేవకుమారి. ఇద్దరూ కలిసే ఏడ్చారు.

రోజలిన్ టీచరమ్మ తల కొట్టుకుంది. “ఖాళీ ఉండాల్సింది పొట్టలోనండీ, పావు వంతు కంచంలో వదలమని ఎవరు చెప్పారు? తక్కువ పెట్టించుకుంటే సరిపోయేది కదా! ఇంతకీ ఆ మిగిలిందంతా ఏం చేశారమ్మా?”

దేవకుమారి కళ్లు తుడుచుకుంది. “అన్నం పారబోత్తే పాపం కదండి. నానే తినీసినాను. పెరుగేసుకుని.”

మెడికల్ పరీక్షలో రత్నరాజు నెగ్గాడు, క్రేన్ దక్కింది. అనుమానం కొద్దీ దేవకుమారికీ పరీక్ష చేయిస్తే, షుగరు అంచుమీద ఇప్పుడు ఆవిడ ఉంది. ఇద్దరూ పూర్ణా మార్కెట్‌కు వెళ్లి రెండు చిన్న కంచాలు కొనుక్కొచ్చారు.

పాత పెద్ద కంచం జాక్సన్ కోసం ఉంచారు.