పాట చివర బస్సెక్కే అమ్మాయి

ఆ శుక్రవారం జుబియా వేసుకున్న పథకం నోటుపుస్తకంలో ఒక పేజీకి సరిపోయింది. ఏడింటికి పటమటలో బయలుదేరాలి. కంకిపాడు దాటాక పొలాల్లో మధ్యాహ్నానికల్లా పాట తీసెయ్యాలి. నాలుగింటికి కెమెరా గుణదలలో ఒక పెళ్ళికి చేరాలి. పాట నాలుగు నిమిషాలే. కానీ సోమవారం కాలేజీలో ఇవ్వకపోతే ఆమె డిగ్రీ ఇంకో ఏడాది సాగుతుంది. అది రెండువేల మూడో సంవత్సరం.

లెక్చరర్ శాంతకుమారి గారు పెట్టిన షరతు ఒకటే. "సినిమా డ్యూయెట్‌లో జనానికి అలవాటైనవన్నీ వాడుకోండి. ఒక్కదాన్ని మాత్రం కావాలనే తిప్పెయ్యండి. ఎందుకు తిప్పారో చూసేవాళ్ళకి తెలియాలి."

జుబియా పచ్చటి పొలం ఉంచింది, ఎగిరే పైట ఉంచింది, వెనక్కి నడుస్తూ పాడే హీరోని ఉంచింది. ముగింపు మార్చింది. ఆమె పాటలో అమ్మాయి హీరో చేతుల్లో వాలదు. సంచి భుజాన వేసుకుని బస్సెక్కి వెళ్ళిపోతుంది. చిన్నప్పటి నుంచి చూసిన పాటల్లో ఏ హీరోయిన్‌కీ వెళ్ళాల్సిన పని ఒక్కటీ ఉండదెందుకని ఆమెకు ఎప్పుడూ అనుమానమే.

కెమెరా మేనమామ నాగూర్‌ది. పదిహేనేళ్ళుగా పెళ్ళి వీడియోలు తీస్తున్న మనిషి. కెమెరా ఇస్తానన్నాడు గానీ తనతో సహా ఇస్తానన్నాడు. "పెళ్ళిలో ఏదీ రెండోసారి జరగదమ్మా. అందుకే నేను మధ్యలో ఆపను" అని ముందే చెప్పాడు.

హీరోయిన్‌గా శ్రీలలిత వాళ్ళక్క పట్టుచీర కట్టుకొచ్చింది. హీరో వేదవ్యాస్. ఇద్దరూ జుబియా క్లాసువాళ్ళే. "నేను కట్ చెప్పేదాకా పాత్రలోంచి బయటికి రావద్దు" అని ఆమె ఇద్దరికీ గట్టిగా చెప్పింది.

పదకొండింటికి పొలంలో పని అయిపోయి అందరూ రోడ్డు మీదికి వచ్చారు. అక్కడ నాగూర్‌కి ఫ్రేము బోసిగా కనిపించింది. వ్యానులో నిన్నటి పెళ్ళి తాలూకు పూలదండలు రెండుంటే తెచ్చి ఇద్దరి మెడల్లో వేశాడు.

"ఇవెందుకు మామూ?" అంది జుబియా.

"చూడు, ఎంత నిండుగా ఉందో."

బస్సు వచ్చే వేళైంది. వాదించే తీరిక లేక ఆమె ఊరుకుంది.

రోడ్డు పక్క ఇంట్లోంచి అమలమ్మ అనే పెద్దావిడ బియ్యం చేట పట్టుకుని బయటికొచ్చింది. "ఏం బాబూ, అయిపోయిందా?" అని నాగూర్‌ని అడిగింది.

నాగూర్ కన్ను కెమెరాలోనే ఉంది. "అయిపోయినట్టేనమ్మా. దండలు కూడా పడ్డాయి. ఇంక అమ్మాయి బస్సెక్కి ఎళ్ళిపోవడం ఒక్కటే మిగిలింది."

"మరి అబ్బాయో?"

"అబ్బాయి ఇక్కడే ఉంటాడు. వాడికి పనేం లేదు."

అమలమ్మ చేట అరుగు మీద పెట్టి, పొలంలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళని కేకేసింది.

బస్సు వచ్చింది. కెమెరాని చూసి డ్రైవరు ఆపాడు. టేప్‌రికార్డర్లో పాట ఆఖరి చరణానికొచ్చింది. శ్రీలలిత మెట్టు మీద కాలు పెట్టగానే అమలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"తప్పమ్మా. దండలింకా వాడనన్నా లేదు. ఏం కష్టమొచ్చిందో నాతో చెప్పు."

శ్రీలలిత బుద్ధిమంతురాలు. కట్ వినపడలేదు కాబట్టి పాత్రలోనే ఉండిపోయింది. "నన్ను వెళ్ళనివ్వండి. నాకు పనుంది."

జుబియా కట్, కట్ అంటూనే ఉంది. పాట హోరులో, బస్సు ఇంజను మోతలో ఆ మాట ఎవరి చెవినా పడలేదు. కలుపు తీసే ఆడవాళ్ళు పదిమంది వేదవ్యాస్‌ని చుట్టుముట్టారు.

"ఏం చేశావయ్యా ఆ పిల్లని?"

"నేనేం చెయ్యలేదండీ."

"మరి ఆపవేం?"

"నన్ను ఊరికే నిలబడమన్నారండీ."

ఆ మాటకి వాళ్ళకి ఇంకా కోపమొచ్చింది. బస్సులో సగంమంది దిగారు. తగువు తేలేదాకా విజిల్ ఊదేది లేదన్నాడు కండక్టరు. కిటికీలోంచి ఒకావిడ, "అంత పనేంటమ్మా?" అని అడిగింది. శ్రీలలిత నోటికొచ్చింది చెప్పేసింది.

"పరీక్షుందండీ."

"ఎప్పుడు?" అంది అమలమ్మ.

"రెండింటికి."

"ముందే చెప్పొద్దా మరి?" అంటూ అమలమ్మ పట్టుకున్న చేతినే పైకి తోసింది. కింద పడ్డ సంచి దులిపి అందించింది. పది జతల చేతులు శ్రీలలితని బస్సులోకి ఎక్కించాయి. "ఆ అబ్బాయి సంగతి మేం చూసుకుంటాం, నువ్వెళ్ళి రాసుకో" అని భరోసా ఇచ్చాయి పది గొంతులు.

పథకం ప్రకారం శ్రీలలిత తర్వాతి స్టాపులో దిగి తిరిగి రావాలి. ఆ బస్సెక్కడంలోనే ఇంకా నాలుగు షాట్లున్నాయి. కండక్టరు మాత్రం పరీక్షకి ఆలస్యమవుతుందని ఎక్కడా ఆపకుండా ఆమెను బెజవాడ చేర్చాడు.

హీరోయిన్ లేదు. కెమెరా గుణదల వెళ్ళాలి. జుబియా అరుగు మీద కూలబడి నిజం చెప్పేసింది. "ఇది పెళ్ళి కాదు మామ్మగారూ. కాలేజీ కోసం తీస్తున్న పాట. అంతా పోయింది."

"పాటైతే మాత్రం పరీక్ష ఎగ్గొడతారా?" అని అమలమ్మ ముగ్గురికీ అన్నం, గోంగూర పచ్చడి, మజ్జిగ పెట్టింది. వేదవ్యాస్‌కి రెండోసారి కూడా వడ్డించింది, పాపం ఒంటరివాడని.

ఆదివారం క్యాసెట్ పెట్టి చూస్తే నాగూర్ ఒక్క క్షణం కూడా ఆపలేదని తేలింది. అంతా ఉంది. అమ్మాయిని కిందికి లాగిన చెయ్యి, అదే చెయ్యి ఆమెను పైకెక్కించడం. తను ఒక్కతే రాసుకున్న ముగింపును ముక్కూమొహం తెలియనివాళ్ళు వాదించి, ఒప్పుకుని, దగ్గరుండి జరిపించారు. జుబియాకి కళ్ళు చెమర్చాయి. ఎడిటింగులో ఆ చివరి భాగాన్ని ముట్టుకోలేదు.

శాంతకుమారి గారు రెండుసార్లు చూశారు. "ఈ గ్రూప్ డాన్సర్లు ఎక్కడ దొరికారమ్మా?" అని మాత్రం అడిగి, క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వేశారు.

తర్వాతి వారం జుబియా మిఠాయి పొట్లంతో, మామతో అమలమ్మ ఇంటికి వెళ్ళింది. ధన్యవాదాలు చెప్పడానికి నోరు తెరిచేలోపే ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"మీ పుణ్యమానే తల్లీ. ఎంత చెయ్యెత్తినా ఇక్కడ బస్సు ఆగేది కాదు. ఆ రోజు నుంచి రోజూ ఆగతంది. మా పిల్లలు టయానికి కాలేజీకి పోతన్నారు."

ఆ చోటుని కండక్టర్లు ఇప్పటికీ పెళ్ళికూతురు స్టాపనే పిలుస్తారు. శ్రీలలిత మాత్రం ఇంకా పెళ్ళి చేసుకోలేదు.