మెడ పైభాగం

మంగళవారం పొద్దున హార్లన్ ట్వీటన్ పెట్టుకున్న పని ఒక్కటే. పదింటికి వృద్ధుల కేంద్రంలో తమ జిల్లా ప్రతినిధి వాషింగ్టన్ నుంచి వచ్చి జరుపుతున్న సభకి వెళ్ళాలి, ముసలివాళ్ళకి సర్కారిచ్చే మెడికేర్ అనే వైద్య బీమా ఎలా మారాలో మూడు నిమిషాలు చెప్పాలి, భోజనం వేళకి ఇంటికి రావాలి. అయోవాలోని ఆ చిన్న ఊళ్ళో నలభై ఏళ్ళు స్కూలు బస్సులు బాగుచేసి రిటైరైన మనిషి అతను. ఉపన్యాసాలు అలవాటు లేవు. నాలుగు రోజులు కొట్టివేతలతో కుస్తీపట్టి, ఒక కాగితం నింపి, భార్య వర్లీన్‌ని వంటింట్లో నిలబెట్టి వినిపించాడు.

"అరవై అయిదు దాటితే మెడికేర్ మన గుండె చూస్తుంది, మోకాలు మారుస్తుంది. కళ్ళజోడంటే కుదరదంటుంది. కట్టుడుపళ్ళంటే మొహం తిప్పుకుంటుంది. చెవి మిషనంటే అసలు వినపడనట్టే ఉంటుంది. అంటే మెడ కిందిదంతా సర్కారుదీ, మెడ పైది మనదీనా?"

"బాగానే ఉంది గానీ ఆ అరుపెందుకు? సభలో అందరికీ చెవుడు లేదుగా," అంది వర్లీన్. కింది పళ్ళు ఊడి రెండేళ్ళయింది. అప్పటినుంచి ఆపిల్‌ని తురుముకుని తింటోంది. ఆ సంగతి మాత్రం కాగితంలో రాయనివ్వలేదు.

హార్లన్‌ని తన ట్రక్కులో తీసుకెళ్ళింది పక్కింటి ఆరిన్ గాడ్బీ. ఒకప్పుడు ఊళ్ళో ఇనుప సామాన్ల కొట్టు నడిపినవాడు. ముప్ఫై ఏళ్ళ స్నేహంలో ఇద్దరికీ కుదిరిన అభిప్రాయం ఒక్కటీ లేదు.

"సర్కారు చేత చెవిలో వేలు పెట్టించుకుంటే అది అక్కడితో ఆగదురా. మెదడు దాకా పోతుంది," అన్నాడు ఆరిన్.

"నీకు ఆ భయం అక్కర్లేదులే. దానికక్కడ ఏం దొరుకుతుంది!" అన్నాడు హార్లన్.

హాలు కిటకిటలాడుతోంది. హార్లన్‌ది ఏడో నంబరు. ఆరో మనిషి మాట్లాడుతుండగా హార్లన్ చెవి మిషను కీచుమని ఈల వేసింది. అందరూ తిరిగి చూశారు. కంగారుగా దాన్ని తీసి సర్దబోతే వేళ్ళలోంచి జారి, కుర్చీల కిందికి దొర్లింది. కాగితం చేత్తో పట్టుకునే మోకాళ్ళ మీదికి దిగాడు. అందలేదు. బోర్లా పడుకుని చెయ్యి చాపాడు. అంతలో మోకాలు పట్టేసింది. "అబ్బా!" అన్నాడు.

వెనక కుర్చీలో ఉన్నది ఫిలిస్. ముప్ఫై అయిదేళ్ళు నర్సుగా చేసిన మనిషి. ఎవరైనా నేలమీద పడితే నిమిషంలో పక్కన ఉంటుంది. వంగి అడిగింది.

"హార్లన్ గారూ, నొప్పి ఛాతీలోనా?"

మిషను లేని హార్లన్ చెవికి అది 'చేతిలోనా' అని వినపడింది. ఉపన్యాసం సంగతి కాబోలనుకున్నాడు.

"ఆ, చేతిలోనే! పొద్దున్నించీ అక్కడే ఉంది."

నొప్పి చేతిలోకి పాకిందన్నమాట, అదీ పొద్దున్నించీ! గుండెపోటే అనుకుంది ఫిలిస్. "అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!" అని కేకేసింది. మళ్ళీ వంగి, "మీ వాళ్ళకేమైనా చెప్పమంటారా?" అంది.

"చెప్పండి, చెప్పండి. నా వంతు వచ్చేసింది."

ఆ మాటతో వెనక వరసలో ఇద్దరు ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. స్ట్రెచర్ కనపడ్డాక గానీ హార్లన్‌కి సంగతి అర్థం కాలేదు. లేవబోయాడు, నలుగురు పట్టుకుని పడుకోబెట్టారు. "నాకేం కాలేదు!" అని అరిచాడు. "అందరూ అలాగే అంటారు," అంది ఫిలిస్ జాలిగా. ఇక లాభంలేదని కాగితం ఆరిన్ చేతిలో కుక్కాడు. "ఒరేయ్, నా నంబరు పోనివ్వకు!"

ఆస్పత్రిలో రక్తం తీశారు, గుండె గీతలు తీశారు, యంత్రంలో పెట్టి లోపలికీ బయటికీ తిప్పారు. మూడు గంటల తర్వాత కుర్ర డాక్టరు పలక మీద పెద్దక్షరాలతో రాసి చూపించాడు: మీ గుండె గుర్రం లాంటిది. మోకాలు పట్టేసింది, అంతే.

"మరి ఇదంతా ఎవరి నెత్తిన పడుతుంది?" అన్నాడు హార్లన్.

డాక్టరు రాశాడు: చాలావరకు మెడికేరే చూసుకుంటుంది.

"పోయింది చెవి మిషను. దాని సంగతో?"

డాక్టరు తుడిచేసి ఒకే ముక్క రాశాడు: కుదరదు.

సాయంత్రం వర్లీన్ అతన్ని ఇంటికి తెచ్చేసరికి ఆరిన్ వసారాలో కూర్చుని ఉన్నాడు. హార్లన్ నడిచి రావడం చూసి లేచి వాటేసుకున్నాడు. ఆ వెంటనే మొహం వేలాడేశాడు.

"ఏమైందిరా?" అన్నాడు హార్లన్.

ఆరిన్ అతని చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "నీ కాగితం చదివేశాను. మిత్రుడి చివరి మాటలని చెప్పి మరీ చదివాను. ఏడుపొచ్చింది. హాలంతా ఏడ్చింది. ప్రతినిధి గారు నిమిషం మౌనం పాటించమన్నారు."

"మౌనమా? నాకా?"

"అక్కడితో పోలేదు. బీమా సంస్కరణల మీద ముసలివాళ్ళ కమిటీ వేస్తున్నారట. అందులో నన్ను వేశారు. నీ ఆశయం నేను మొయ్యాలట."

"ఒప్పుకున్నావా?"

"నిన్ను స్ట్రెచర్ మీద మోసుకెళ్ళిన తీరు చూసి పోయావనుకున్నానురా! పోయినవాడి మాట కాదని ఎలా అంటాను? నువ్వు రాసింది తప్పే. ఇప్పటికీ తప్పే అంటాను. కానీ ఆపిల్ తురుముకునే సంగతి రాయలేదని, అది నేనే కలిపి చెప్పాను."

వర్లీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హార్లన్ చెప్పాలనుకున్నది, అతను లేనప్పుడు, అతనితో ఏకీభవించనివాడి నోట, ఊరంతా విన్నది.

"చప్పట్లు కొట్టారా?"

"లేచి నిలబడి కొట్టారు. నాకోసం ఒక్క పని చెయ్యి. నేను వాళ్ళకి ఫోన్ చేసి సర్దిచెప్పే దాకా నువ్వు వీధిలోకి రాకు."

హార్లన్ సరేనన్నాడు. మర్నాడు పొద్దున తలుపు తట్టినట్టనిపించి, మాట మరిచిపోయి తీశాడు. గుమ్మంలో పరామర్శ కార్డులతో అయిదుగురు ఆడవాళ్ళు, ఒక్కొక్కరి చేతిలో ఒక వేడివేడి గిన్నె. అందరికంటే ముందున్న ఫిలిస్ అతన్ని చూసి తన గిన్నె వదిలేసింది.

మిగతా నాలుగూ రుచిగానే ఉన్నాయి.