ఊదా గీత దాటిన ఎర్ర బూట్లు

భయపడే హక్కు సృష్టిలో ప్రతి జీవికీ ఉంది. కాని ఆ హక్కుకు హద్దులు కొలిచి, రంగు పూసి, ఫారం నంబరు కూడా ఇచ్చిన ఘనత ఈ భూమ్మీద మా టాలిస్ కౌంటీకే దక్కింది.

మిస్సోరీ కొండల్లో మావాళ్ళకి నమ్మకాలు రెండే. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ కంచె. పూర్వం కంచెలకు బోర్డులు కట్టేవాళ్ళు. లేళ్ళ వేటకొచ్చిన వాళ్ళు గురి చూసుకోడానికి ఆ బోర్డుల్నే కాల్చేవాళ్ళు. మిగిలినవి దొంగలు పట్టుకుపోయారు. ('దొంగతనం చేయరాదు' అన్న బోర్డు అన్నిటికన్నా ముందు పోయింది.) అప్పుడు పెద్దలు కూర్చుని, చెట్టుకో స్తంభానికో నిలువుగా ఒక ఊదా గీత గీస్తే చాలు, 'లోపలికి రావద్దు' అని చెప్పినట్టేనని శాసనం చేశారు. గీత ఎనిమిది అంగుళాలకు తగ్గకూడదు. దాని కింది కొస నేలకు మూడడుగుల పైన, అయిదడుగుల లోపు ఉండాలి. అక్షరం ముక్క రానివాడికి కూడా ఇట్టే అర్థమవుతుందని వాళ్ళ ఉద్దేశం.

మా అమ్మాయి మేసీకి నాలుగేళ్ళు. అక్షరం ముక్క రాదు. దానికి అర్థమైందల్లా ఊదా రంగు బాగుంటుందని.

మా పక్కింటి వెండెల్ స్ట్రౌడ్ గారు ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయ్యారు. ఆయన గేటుకు మూడు బోర్డులు ఇంకా మిగిలున్నాయి. 'దాటితే కాలుస్తాను.' 'బతికితే మళ్ళీ కాలుస్తాను.' 'ప్రభువు మిమ్మల్ని చల్లగా చూచుగాక.' ఆయన కోడిపెట్ట డాటీ రోజూ గీత దాటి మా పెరట్లోకి వస్తుంది. (అది చొరబాటు కాదు. కోడికి దురుద్దేశం ఉండదట.) మేసీ తన ఎర్ర రబ్బరు బూట్లు తొడుక్కుని, దాని వెనకాలే ఆయన పొదల్లోకి పోతుంది. (అది చొరబాటే.) తలుపుకి పైన గొళ్ళెం పెట్టించాను. కుర్చీ ఎక్కి తీసింది. కుర్చీలు దాచాను. బట్టల బుట్ట బోర్లించి ఎక్కింది. ఉతికిన బట్టలు నేలమీద కనబడ్డాయంటే పిల్ల గీత దాటిందన్నమాటే.

ఒకనాడు వెండెల్ గారు గీతకి అటు, నేను ఇటు నిలబడి, ఇరుగుపొరుగు మర్యాద ప్రకారం మాట్లాడుకున్నాం.

"చూడమ్మా కెండ్రా, నీ పిల్ల నాకు మనవరాలితో సమానం."

"తెలుసండీ."

"కాని పొదల్లో ఏదైనా కదిలిందనుకో, నా వేలు నన్నడిగి పని చెయ్యదు."

"అది ఇంతెత్తే ఉంటుంది కదండీ. ఎర్ర బూట్లు కూడాను."

"దొంగలు బూట్లు వేసుకోరని ఎవరన్నారమ్మా?"

మర్నాడే పిల్లని చంకనేసుకుని షెరీఫ్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ 'హద్దులు, భయాల విభాగం' కిటికీ దగ్గర డెప్యూటీ ప్రూయిట్ గారు కూర్చుంటారు.

"నా పిల్ల గీత దాటుతుందండీ. ముందే రాయించి పెడదామని వచ్చాను."

"ముందస్తు చొరబాటుకి ఫారం లేదమ్మా. చొరబడ్డాక రండి."

"ఈలోగా ఆయన కాలిస్తే?"

"అప్పుడు ఆయన ఫారం నింపుతారు. మీరు కంగారు పడకండి."

ఆ ఫారం చూపించారు. పద్నాలుగో నంబరు, భయ ధ్రువీకరణ పత్రం. ఇంటి యజమాని భయం స్వల్పమా, మధ్యమమా, సమంజసమా? 'సమంజసం' గడిలో టిక్కు ముందే అచ్చేసి ఉంది, పెద్దవాళ్ళకు శ్రమ లేకుండా. గోడ మీద గత ఏడాది సమంజస భయాల జాబితా అంటించారు. జనాభా లెక్కల మనిషి, దారి తప్పి గేటు తట్టిన పాస్టరు, గుమ్మడికాయ కేకు పట్టుకొచ్చిన కొత్త పొరుగావిడ. (కేకు మీద మూత ఉందట.)

"మరి పిల్ల భయపడితేనో?" అన్నాను.

ఆయన ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు. "పిల్ల భయానికి గడి లేదమ్మా."

ఏప్రిల్లో పాత గీతల మీద కొత్త రంగు వేస్తారు. వెండెల్ గారు మధ్యాహ్నం దాకా వేసి, డబ్బా గీత దగ్గర వదిలేసి, ఉత్తరాలు తెచ్చుకోడానికి రోడ్డు దాకా నడిచి వెళ్ళారు. నేను ఇటు తిరిగేసరికి ఉతికిన బట్టలు నేలమీదున్నాయి.

గీత దాకా పరిగెత్తి ఆగిపోయాను. నేనూ లోపలికి వెళితే పొదల్లో కదిలేవి రెండవుతాయి. అక్కడే నిలబడి గొంతు పోయేలా పిలిచాను. కాసేపటికి మేసీ వచ్చింది, మోచేతుల దాకా ఊదా రంగుతో. వెనక డాటీ, దాని తోక కూడా ఊదా. వాళ్ళ వెనక వెండెల్ గారి సింహద్వారం. మేసీ డబ్బాని అక్కడిదాకా ఈడ్చుకెళ్ళి, మూత పెట్టి, దానిమీద ఎక్కి, ద్వారబంధం రెండు వైపులా చెరో గీతా గీసింది.

వెండెల్ గారు ఉత్తరాలతో వచ్చి, గుమ్మం ముందు ఠక్కున ఆగిపోయారు. ఆయన జన్మలో తను గీయని ఊదా గీత దాటిన మనిషి కాదు.

"ఎవరి పని ఇది?"

"నాదే తాతా. బాగుందా?"

ఫోన్ చేస్తే ప్రూయిట్ గారు టేపు పట్టుకొచ్చి కొలిచారు. కింది కొస మూడడుగుల ఒక అంగుళం. పొడవు తొమ్మిది అంగుళాలు. "ద్వారబంధమూ స్తంభం కిందే లెక్క. శాస్త్రోక్తంగా ఉందండీ," అన్నారు.

"గీసింది పసిపిల్లయ్యా!"

"చట్టం గీతను చూస్తుంది, గీసిన చేతిని చూడదు."

"ఇది నా ఇల్లు ప్రూయిట్!"

"అయితే యజమాని అనుమతి తెచ్చుకోండి."

"యజమానిని నేనే!"

"లోపలున్నారా?"

"కనబడ్డంలే? నీ ఎదురుగా ఉన్నాను!"

"యజమాని లోపలుండి ఇస్తేనే అనుమతి చెల్లుతుందండీ."

పైవాళ్ళని అడిగి చెప్తామన్నారు. అంతసేపూ ముసలాయన్ని ఎండలో నిలబెట్టలేక మా మెట్ల మీద కూర్చోబెట్టి, చిక్కుడు గింజల పులుసు, మొక్కజొన్న రొట్టె పెట్టాను. మేసీ డాటీని తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. అప్పుడు నాకు తట్టింది.

"ప్రూయిట్ గారూ, ఈయన ఇప్పుడు మా పెరట్లో ఉన్నారు. కదులుతున్నారు కూడా. నాకు భయంగా ఉంది. ఆ పద్నాలుగో నంబరు నాకొకటి ఇస్తారా?"

వెండెల్ గారి చెంచా గాల్లో ఆగింది. "నేనేం చేశానమ్మా?"

"ఏమీ చెయ్యలేదండీ. ఫారంలో అది అడగలేదు."

ప్రూయిట్ గారు కలం తీశారు. "ఇల్లు సొంతమా, అద్దెదా?"

"అద్దె."

కలం మూసేశారు. "అయితే ఆ భయం మీ ఇంటి ఓనరుదమ్మా. ఆయనే వచ్చి భయపడాలి."

మా ఓనరు ఫ్లోరిడాలో ఉంటాడు. (కప్పు కారుతోందని రెండేళ్ళుగా రాస్తున్నాం. దానికే రాలేదు.)

పొద్దువాలేలోగా పైవాళ్ళ జవాబొచ్చింది. తుడిచేస్తే గీత లేనట్టేనట. వెండెల్ గారు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, రొట్టె బాగుందని చెప్పి, లోపలికి వెళ్ళి, ముందుగా తుపాకీ ఉన్నచోటే ఉందో లేదో చూసుకున్నారు.

బండెక్కుతున్న ప్రూయిట్ గారిని ఆఖరుసారి ఆపాను. "గీత ఉన్నదాని జోలికి ఎవరూ రాకూడదు కదండీ. ఆ గీత మా మేసీ వీపు మీద గీస్తే చెల్లుతుందా?"

ఆయన మంచివారు. నవ్వలేదు. చట్టం పుస్తకం తీసి రెండుసార్లు చదివారు.

"చెట్టు, స్తంభం అనే ఉందమ్మా. పిల్ల అని లేదు."

అందుకని ఇప్పుడు రోజూ మేసీకి చెట్టులా నిలబడటం నేర్పుతున్నాను. నిన్నటికి రెండు నిమిషాలు కదలకుండా ఉంది.